చేతినరం బిళ్ళ

"కోసింది గుండెకాయని గదా, చేతులకేమొచ్చింది?" అనింది రెబెక్కమ్మ, తెల్లగడ్డల చాట తెచ్చి ఒలవమని కోడలి ముందర పెడతా.

అబిగయీలు చాట దెగ్గిరికి లాక్కునింది. ఎడంచెయ్యి చాపేతలికి మణికట్టు కాడ్నించి మోచేతి మడత దాకా కుట్ల గీత బయటపడింది, జెర్రి పాకతా పాకతా ఆడే ఎండిపోయినట్టు. ఆపరేషనై ఇంటికొచ్చి ఇంకా నెల తిరగలా. ఆ చెయ్యి కళ్ళ ముందర పెట్టుకోని గూడా అత్త ఆ మాట అనిందంటే, పాపం ముసలామెకి చూపానదేమో అనుకునేరు. రెబెక్కమ్మ చూపుకి వంక పెట్టే మొనగాడు ముత్తుకూరు చుట్టుపక్కల ఇంకా పుట్టలా. వీధి చివర పాస్టరమ్మ కొత్త చీర కట్టుకుంటే అంచు జరీనా దారమా అనేది మంచం మీద కూర్చోనే చెప్పేస్తాది. ఆమె చూపుకి ఆననిదల్లా ఆ మంచం చుట్టూ తిరిగే మనిషి ఒక్కతే.

గుండెకి రక్తం పొయ్యే దారి మూసుకుపోతే, దానికి బదులు చేతినరం ఏసినారు. మామూలుగా అయితే కాల్లో నరం తీసి ఏస్తారంట. అబిగయీలు కాళ్ళు చూసి నెల్లూరు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపినాడు. పెళ్ళైన కాడ్నించి రొయ్యల కంపెనీలో సిమెంటు నేల మీద నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు పొట్లకాయల మాదిర మెలికలు తిరిగిపొయ్యుండాయి. "ఇవి పనికిరావు. వయసు గూడా చిన్నదే, చేతినరమైతే ఎక్కువ కాలం వస్తుంది," అన్నాడు డాక్టరు. "ఏ చేత్తో పని చేస్తావమ్మా?"

అబిగయీలు నోరు తెరిచే లోపల గిద్యోను అందుకున్నాడు. "కుడి సార్. కుడి చెయ్యి మాత్రం కదిలించబాకండి, దానికి ఇంట్లో బయటా పనుండాది."

డాక్టరు నవ్వినాడు. గిద్యోను నవ్వినాడు. మంచం మీద పడుకోనున్న అబిగయీలు గూడా రోంత నవ్వింది, నలుగురూ నవ్వేటప్పుడు తనొక్కతే ముంగి మాదిర ఉంటే ఏమనుకుంటారో అని. తర్వాత తీరిగ్గా ఆలోచన చేసింది. రొయ్య ఒలిచేటప్పుడు కత్తి పట్టేది కుడి చెయ్యే, అబద్ధం లేదు. మరి జారిపోయే రొయ్యని అదిమి పట్టుకునేది ఏది? సంకటి కెలికేటప్పుడు మసిగుడ్డతో చట్టి కదలకుండా పట్టేది ఏది? బిందె నడుముకి ఆనిచ్చుకునేది, అత్త స్నానం చేసేటప్పుడు ఆమె భుజం పట్టుకునేది, ఆయన చొక్కాలు రాతి మీద బాదేటప్పుడు రెండో కొస పట్టేది? పని చేసే చెయ్యి ఏదంటే మొగోడు ఒకటి చూపిచ్చినాడు. రెండోది ఊరికే దాని పక్కన ఏలాడతా ఉండాదనుకున్నాడు.

ఆపరేషను థియేటర్లో పనిచేసే సిస్టరు రేవతి వార్డుకొచ్చినప్పుడు చెప్పింది ఆ నరం సంగతి. ఆ పిల్లకి మాట్లాడటం ఇష్టం.

"చేతినరానికి రోషం జాస్తమ్మా," అని నవ్వతా మొదలుపెట్టింది. "కాలినరం మెత్తన, ఏం చేసినా పడుంటాది. దీని గోడల్లో కండుంటాది. కత్తి తగిలితే చాలు, ముడుచుకుపోతాది. ఒక్కోసారి దారప్పోగంత అయిపోతాది. అట్టా ముడుచుకోనుంటే గుండెకి కుట్టి ఏం లాభం, రక్తం పోదు గదా. అందుకే కోసి తీసినాక గోరెచ్చటి మందునీళ్ళల్లో నానేస్తాం. పాపావరిన్ అని ఒక మందు. దాంట్లో పడుకోబెడితే మెల్లంగా వదులైతాది. అప్పుడు కుడతారు."

"కుట్టినాక ఇంక ముడుచుకోదా, సిస్టర్?"

"ముడుచుకోవచ్చు. కొత్త చోటు గదా దానికి. అందుకే ఈ తెల్ల బిళ్ళ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, డాక్టరు ఆపమనే దాకా. మర్చిపోబాక. ఇంట్లో బీపీ బిళ్ళ అంటారు, ఇనబాక. నీకు బీపీ లేదు. ఆ నరం వదులుగా ఉండేదానికి ఇది. ఇంకోటి, ఆ చెయ్యి ఐసులో పెట్టబాక."

ఆ పిల్ల పొయినాక గూడా అబిగయీలు ఆ నరం గురించే అనుకుంటా పడుకునింది. పుట్టిన కాడ్నించి చేతిలో బతికింది, దాని పనేదో అది చేసుకుంటా. ఎవరో వచ్చి కోసి తీసి, తెలీని చోట కుట్టేసి, ఇంక నించి ఇదే నీ ఇల్లు, దీని బరువు మొయ్యి అంటే ముడుచుకోదా మరి. నవ్వొచ్చింది ఆమెకి. నవ్వితే ఎదురొమ్ము కుట్లు పట్టి లాగినాయి. చిల్లకూరులో పుట్టింటి కాడ్నించి గిద్యోను ఇంటికి వచ్చిన రోజు తనకి ఎవరు మందునీళ్ళు కాచినారు? కాళ్ళ పసుపారక ముందే బిందె చేతికిచ్చి బోరింగు చూపిచ్చినారు. గొంతు లేవక గోడ పక్కన నిలబడితే, "ఏం, మీ అమ్మ మాటలు నేర్పలేదా, పనులు నేర్పలేదా?" అనింది అత్త. నరానికి గూడా వదులయ్యేదానికి రోంత టైమిస్తారు. అది ముడుచుకుంటే దానికి పొగరనరు, మందిస్తారు.

అట్టా ఆ నరం మీద ఆమెకి ఒక పక్షపాతం పుట్టింది. ఇంటికొచ్చినాక పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎవరూ గుర్తు చెయ్యకుండానే మింగేది. మింగినాక ఎదురొమ్ము మీద చెయ్యేసి, కొత్తగా వచ్చిన పిల్లని అడిగినట్టు, ఎట్టుండావే అని లోపల్లోపలే అడిగేది.

ఇప్పుడు ఆ ఇంట్లో బిళ్ళల కత చెప్పాల. ఆ ఇంట్లో బిళ్ళలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి, ఫ్రిజ్జు మీద. ఎవరికి రాసిచ్చినా వచ్చి పడేది అందులోనే. గిద్యోనుకి నడుము పట్టేస్తే అమ్మ మోకాళ్ళ బిళ్ళ ఏసుకుంటాడు. రెబెక్కమ్మకి కడుపుబ్బితే కొడుకు గ్యాసు బిళ్ళ ఏసుకుంటాది. పక్కింటోళ్ళకి జొరమొస్తే ఆ డబ్బాకే వస్తారు. దేవుడిచ్చిన ఇంట్లో నాదీ నీదీ ఏందనేది గిద్యోను పెట్టిన చట్టం. ఆయన సెల్‌ఫోను ఛార్జరు మాత్రం ఎవరూ ముట్టుకోగూడదు, అది వేరే చట్టం.

గిద్యోను థర్మల్ ప్లాంటులో బూడిద లారీ తోల్తాడు. మంచోడనే పేరుండాది. తాగడు, కొట్టడు, ఆదివారం చర్చిలో ముందుంటాడు. ఆ రెండూ చెయ్యనందుకు ఊళ్ళో ఆడోళ్ళు అబిగయీలుని అదృష్టవంతురాలంటారు. ఆమె గూడా చానా ఏళ్ళు అదే అనుకునింది. కొట్టని మొగుడి మీద ఏమని చెప్పుకుంటాది ఎవరైనా? చెప్పబోతే నోట్లోకి ఒక్క మాటా రాదు. లారీ దిగి వచ్చి కాళ్ళు చాపితే నీళ్ళు రావాల, అంతే. నీళ్ళు యాణ్ణించి వస్తాయో ఆయనకి తెలీదు. తెలుసుకోనక్కర్లేకుండా బతికిపోయినాడు, మంచోడు గాబట్టి.

ఒకనాడు రెబెక్కమ్మ బీపీ బిళ్ళలు అయిపోయినాయి. అయిపోయినాయని కోడలికి చెప్పింది. కోడలు మొగుడికి చెప్పింది. మొగుడు తెస్తాలే అన్నాడు. మర్నాడూ తెస్తాలే అన్నాడు. ఆ మర్నాడు రెబెక్కమ్మ తల దిమ్ముగా ఉండాదని పడుకునింది. అప్పుడు కదిలినాడు గిద్యోను. కదిలి ఏం చేసినాడంటే, డబ్బాలో ఉన్న అబిగయీలు తెల్ల బిళ్ళల అట్ట తీసుకోని చెంగయ్య మందుల షాపు కాడికి పొయినాడు.

"అన్నా, ఇది దేనికి?"

చెంగయ్య అట్ట తిప్పి చూసినాడు. "బీపీకిస్తారు. గుండెకీ ఇస్తారు. ఎవరికి?"

"మా ఇంటామెకి. గుండె ఆపరేషనైంది గదా."

"డాక్టర్ని అడక్కుండా ఆపబాకండి, మార్చబాకండి," అన్నాడు చెంగయ్య.

చెంగయ్య రెండు ముక్కలు చెప్పినాడా, గిద్యోను ఇంటికొచ్చే దారిలో ఒక ముక్క గుటకేసినాడు. మిగిలిన ముక్క గుమ్మంలోనే అప్పజెప్పినాడు. "బీపీ బిళ్ళేనంట. రెండూ ఒకటే. ఇంట్లో పెట్టుకోని అమ్మ తల పట్టుకోని పడుకునిందే. మళ్ళా వేరే తెచ్చేదెందుకు, ఇదే ఏసుకోండి ఇద్దరూ."

"ఇది బీపీకి కాదంటయ్యా," అనింది అబిగయీలు. "సిస్టరు చెప్పింది. చేతినరం ముడుచుకోకుండా అంట."

"సిస్టరు చెప్పిందంట. షాపాయన చెప్పింది అబద్ధమా? నీ బీపీ చూసినారు గదా మొన్న, తక్కువే ఉండాదన్నారు గదా? తక్కువున్నోళ్ళకి బిళ్ళెందుకు? ఆలోచన చెయ్యి."

మంచం మీద్నించి రెబెక్కమ్మ అనింది, "దానికొక్కదానికే నరాలుండాయి. మనం నరాల్లేకుండా పుట్టినామబ్బయా."

కొడుకు నవ్వినాడు. మంచి మాటకారి ఆ ముసలామె, ఎవరైనా నవ్వాల్సిందే.

అబిగయీలు అప్పుడు ఒక పని చేసింది. ఎవరూ ఆమె చేతిలోనించి లాక్కోలా. ఆమే డబ్బా మూత తీసి, అట్టలోనించి బిళ్ళ నొక్కి, అత్త అరచేతిలో పెట్టింది, గలాసుతో నీళ్ళు గూడా ఇచ్చింది. ఎందుకు ఇచ్చినావంటే ఆమెకే తెలీదు. చెయ్యి దానంతటదే పోయింది. చేప తెస్తే నడిముక్కలు మొగుడికి, తలకాయ అత్తకి, చట్టి అడుగున పులుసు తనకి ఏసుకునే చెయ్యి అది. వడ్డించే చేతికి గిన్నెలో ఏముండాదో ఏం తెలుసు, కూరా బిళ్ళా దానికొకటే.

ఒక పూటేలే అనుకునింది. సాయంత్రం బిళ్ళ అత్తకి, పొద్దున బిళ్ళ తనకి. మర్నాటికి రెబెక్కమ్మ లేచి కూర్చోని, "మంచి బిళ్ళబ్బయా, తల తేలిగ్గా ఉండాది," అనింది. నిజంగానే ఉండాది, బీపీకి గూడా పనిచేసే మందే గదా. ఆ తేలికే కొంప ముంచింది. పని చేసిందని కళ్ళముందర కనపడతా ఉంటే ఇంక ఎవరు ఇనేది? ఆ పొద్దు నించి సాయంత్రం బిళ్ళ అత్తదైపోయింది. తల మరీ తిరిగిన రోజు పొద్దున బిళ్ళ గూడా. గిద్యోను మాత్రం లెక్క తప్పకుండా అట్ట అయిపోగానే అట్ట తెచ్చేవాడు. ఇద్దరాడోళ్ళకి ఒకటే అట్ట.

తెల్లారగట్ల ఎదురొమ్ములో ఎవరో పిడికిలి బిగిచ్చినట్టు అయ్యేది అబిగయీలుకి. లేచి కూర్చునేది. బిగిసి, రోంతసేపు అట్టనే ఉండి, వదిలేది. మొదటిసారి మొగుణ్ణి లేపింది. "గ్యాసు," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండా. "సోడా తాగు. నాకు డ్యూటీ ఉండాది." రెండోసారి లేపలా. బిగిసినంతసేపు గోడకానుకోని కూర్చోని ఆ నరంతో మాట్లాడేది. నాకు తెలుసే, సాయంత్రం నీకు మందియ్యలా. పొద్దున్నే ఇస్తా, రోంత ఓర్చుకో. ఆ మాట తనకి ఎన్నిసార్లు ఎవరెవరు చెప్పినారో అప్పుడు గుర్తుకొచ్చేది. రోంత ఓర్చుకో. అమ్మ చెప్పింది, పాస్టరమ్మ చెప్పింది, కంపెనీలో సూపర్‌వైజరు చెప్పినాడు. ఇప్పుడు తనే ఇంకొకదానికి చెప్తా ఉండాది, లోపలున్న దానికి, నోరు లేనిదానికి.

ఇంట్లో కూర్చుంటే మనిషి మొద్దుబారిపోతాదని గిద్యోనుకి ఎవరు చెప్పినారో, సూపర్‌వైజరుతో మాట్లాడి ఆమెని మళ్ళా రొయ్యల కంపెనీకి పంపించినాడు. "కూర్చోని చేసే పనిస్తారంట, మాట్లాడినా," అన్నాడు, పెద్ద మేలు చేసినట్టు. ఇచ్చినారు, అబద్ధం చెప్పగూడదు. ఒలిచిన రొయ్యలు సైజు ప్రకారం ఏరి పెట్టే బల్ల కాడ స్టూలేసినారు. పక్కన రాఘవమ్మ. పెళ్ళైన ఏడాది నించి ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఒలిచినోళ్ళు. రాఘవమ్మ మొగుడు ఎప్పుడో వదిలేసి పొయినాడు, అందుకని ఆమెకి నోరు జాస్తి. "అక్కా, స్టూలు మీద కూర్చోనుంటే కంపెనీ ఓనరమ్మ మాదిరుండావు. మమ్మల్ని పనిలోనించి తీసెయ్యబాక," అని ఆట పట్టిచ్చేది.

ఒకనాడు చెరువుల్లో రొయ్యకి జబ్బు తగిలిందని రైతులందరూ ఒక్కసారే పట్టేసినారు. లారీ మీద లారీ వచ్చి పడింది. స్టూల్లేదు గీల్లేదు, అందరూ ఒలవాల్సిందేనన్నాడు సూపర్‌వైజరు. అబిగయీలు చెయ్యి చూపిచ్చింది. "గ్లౌజులేసుకోమ్మా," అన్నాడు. లోపలికి ఐసునీళ్ళు పోకుండా ఆపే గ్లౌజులు ఆ కంపెనీకి ఇంతవరకు రాలా.

ఎడంచెయ్యి ఐసులో పెట్టి రొయ్యని పట్టింది. నరం కోసినప్పట్నించి బొటనేలు కాడ తిమ్మిరే, చలి తెలీలా. రెండో ట్రే అయ్యేతలికి చేతి ఏళ్ళు కొవ్వొత్తులంత తెల్లంగా అయినాయి. చూస్తానే ఉండాది ఆమె. చేతిలో మిగిలిన నరాలు ముడుచుకుంటా ఉండాయని అర్థమైంది. వీటి అక్క లోపలుండాది గదా, గుండె కాడ, దానికి తెలిసిపోతాదేమో అనుకునింది. అంత తిక్క ఆలోచన తనకెందుకొచ్చిందా అనుకునే లోపల పిడికిలి బిగిసింది. ఈసారి వదల్లా. దవడ దాకా, వీపు దాకా పాకింది. నిలబడే ట్రే అంచు పట్టుకునింది. ఆ టైములో గూడా ఆమెకి తట్టింది ఏందంటే, ఇంట్లో పొయ్యి మీదికి బియ్యం కడగలా, ఆయన వచ్చే టైమైంది అని.

"అక్కా," అనింది రాఘవమ్మ. తర్వాత ఇంకేం అడగలా. కత్తి బల్ల మీద పడేసి, ఆమెని నడుం చుట్టూ పట్టుకోని, ఐసు దించి పొయ్యే ఆటో ఆపి, అందులోనే ఏసుకోని నెల్లూరుకి తీసకపోయింది. సూపర్‌వైజరు ఎనకనించి ఏదో అన్నాడు. "నువ్వే ఒలుచుకో," అనింది.

తొడ కాడ సన్నగొట్టం దూర్చి, గుండె దాకా పంపించి, మందు కొట్టి, టీవీలో చూస్తారు. మెలకువలోనే ఉంటారు మనుషులు. అబిగయీలు తల పక్కకి తిప్పితే టీవీ కనపడింది. నల్లంగా కొమ్మలు కొమ్మలుగా ఏందేందో. పైనించి దిగే ఒక గీత మాత్రం సగం దాకా వచ్చి, దారప్పోగై, ఉండాదా లేదా అన్నట్టు ఉండాది.

"ఇది నీ చేతినరమేనమ్మా," అన్నాడు డాక్టరు. "చూడు, ఎట్లా ముడుచుకుపోయిందో." సిస్టరుతో ఏదో మందు పేరు చెప్పినాడు. గొట్టంలోనించి ఆ మందు పోతానే ఒళ్ళంతా వేడెక్కింది, తల దిమ్మనింది. టీవీలో దారప్పోగు కదిలింది. తడి ఇసకలో ఏలితో గీత గీస్తే సముద్రం నీళ్ళు మెల్లమెల్లంగా ఆ గీతలోకి వచ్చినట్టు, నలుపు రోంత రోంత లావై కిందికి దిగింది. పిడికిలి వదిలింది. అబిగయీలు కళ్ళలోనించి నీళ్ళు చెవుల్లోకి కారినాయి. పాపం, అనుకునింది. దీనికి రోషమా? ఇచ్చిన మందుకి ఎంత తొందరగా వదులైందో.

వార్డుకి తెచ్చినాక డాక్టరు వచ్చినాడు. గిద్యోను మంచం పక్కన చేతులు కట్టుకోని నిలబడుండాడు.

"రావడం ఆలస్యమైంది. గుండెలో ఒక మూల కండ చచ్చిపోయింది. అది తిరిగి రాదు. మెట్లెక్కినా, బరువెత్తినా ఆయాసం వస్తుంది ఇంక," అన్నాడు డాక్టరు. "ఆ తెల్ల మాత్ర రోజూ రెండుపూట్లా వేసుకున్నారా?"

"నా చేత్తోనే ఇస్తా సార్, టైము ప్రకారం," అన్నాడు గిద్యోను. గొంతు తడబళ్ళా. అబద్ధం చెప్తా ఉండాడని ఆయనకే తెలీదు. అట్ట అయిపోగానే అట్ట తెచ్చినాడు గదా, ఆయన లెక్కలో అంతే ఇచ్చినట్టే.

"వేసుకుంటున్నా ముడుచుకుందంటే ఈ మందు ఈమెకు సరిపోలేదన్నమాట. మళ్ళా ఏం చెయ్యాలో ఆలోచించాలి. ఇంకోసారి ఇట్లా మూసుకుంటే తెరుస్తామని చెప్పలేను."

అబిగయీలు కప్పు కల్లా చూస్తా పడుకునింది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెప్తే మొగుడు డాక్టరు ముందర తల దించుకోవాల. అది చూడటం కన్నా చచ్చిపోవడం సులభంగా అనిపిచ్చింది ఆమెకి. అట్టా అనిపిచ్చినందుకు తన మీద తనకే బయమేసింది.

సాయంత్రం గిద్యోను టీకి పొయినప్పుడు రేవతి వచ్చింది. అబిగయీలు ఆ పిల్ల చెయ్యి పట్టుకునింది. "సిస్టర్, నేను ఒకటే ఏసుకున్నా. రెండోది మా అత్తకిచ్చినా. డాక్టర్‌గారికి చెప్పు, మందు తప్పు కాదని."

రేవతి ఈసారి నవ్వలా. "చెప్తా. చెప్పి మంచి పని చేసినావు. కానీ అమ్మా, నాకు చెపితే ఏం లాభం? బిళ్ళ ఉండేది మీ ఇంట్లో గదా."

డాక్టరు ఆ తెల్ల బిళ్ళే మళ్ళా రెండుపూట్లకీ రాసి పంపించినాడు. ఇంటికొచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాల. చావు దాకా పోయి తిరిగొచ్చినోళ్ళు సంఘం ముందర నిలబడి ఎట్టా బతికినారో చెప్పాల్సిందే, అది అక్కడి పద్ధతి. గిద్యోను పొద్దున్నే నేర్పిచ్చినాడు. "దేవుడికి స్తోత్రం చెప్పు. సంఘం ప్రార్థనకి చెప్పు. నేనూ అమ్మా ఎట్టా చూసుకున్నామో చెప్పు. మూడు మాటలు. ఆయాసపడబాక." డబ్బాలోనించి ఆ తెల్ల బిళ్ళ తీసి తల్లికి తనే ఇచ్చినాడు ఆ పొద్దున, పెళ్ళాం ఇంకా లేవలేదని. అబిగయీలు పడుకోని చూసింది. అత్త బిళ్ళ మింగి, పైట కొంగుతో మూతి తుడుచుకోని, కోడలి కల్లా చూసి చూపు తిప్పుకునింది. తను మింగేది ఎవరి బిళ్ళో అప్పటికి తెలిసినట్టే ఉండాది ముసలామెకి. తెలిసినా ఏం చేస్తాది, తల తిరిగితే ఆమెకి గూడా బయమే.

చర్చిలో మైకులూ ఆంప్లిఫయరూ గిద్యోను చూసుకుంటాడు. ఆయన బాక్సు కాడ నిలబడుండాడు. పాస్టరు జీవానందంగారు పిలిచినాక, అబిగయీలు చాప మీద్నించి లేచి, పక్కామె భుజం పట్టుకోని నిలబడి, మైకు తీసుకునింది.

"దేవుడికి స్తోత్రం," అనింది.

"స్తోత్రం," అన్నారందరూ.

"సంఘం ప్రార్థన చేసింది, మీకందరికీ వందనాలు. రాఘవమ్మ అని మా కంపెనీలో మనిషి, ఆమె మన సంఘం కాదు, ఆమె నన్ను ఐసు ఆటోలో ఏసుకోని పోయింది. ఆమెకి గూడా." ఊపిరి తీసుకునింది. "మా ఆయనా మా అత్తా నన్ను కళ్ళల్లో పెట్టుకోని చూసుకున్నారని చెప్పమన్నాడు మా ఆయన."

మొగోళ్ళ వైపు ఎవరో నవ్వినారు. గిద్యోను గూడా సిగ్గుపడతా నవ్వినాడు.

"గుండెకి కుట్టిన నరం ముడుచుకోకుండా డాక్టరు నాకు రోజుకి రెండు బిళ్ళలు రాసినాడు. ఒకటి నేను మింగినా. ఒకటి మా అత్త మింగింది."

మైకు గరగరమనింది. సౌండు తగ్గిపోయింది. గిద్యోను బాక్సు కాడ్నించి గబగబా వచ్చి, "ఆయాసం వస్తా ఉండాది దీనికి, చాల్లే," అని అందరికీ ఇనపడేటట్టు చెప్తా, ఆమె చేతిలోనించి మైకు తీసుకున్నాడు. మర్యాదగానే తీసుకున్నాడు. ఆయనకి కోపం చెయ్యడం రాదు. మంచోడు.

అబిగయీలు కూర్చోలా. మైకు లేకుండా ఆమె గొంతు గోడ దాకా గూడా పోదు, ఎదురొమ్ము ఎముక ఇంకా అతుక్కోలా. అయినా చెప్పింది. ఇనాలంటే అందరూ నోరు మూసుకోవాల, మూసుకున్నారు. పైన ఫ్యాను తిరిగే చప్పుడొక్కటే.

"ఎవరూ లాక్కోలా. నేనే ఇచ్చినా, నా చేత్తో. ఆమెకి అయిపోయినాయి, తెచ్చేవాళ్ళు తెస్తాలే అన్నారు, అందుకని ఇచ్చినా. ఇచ్చి ఇచ్చి గుండె ఒక మూల చచ్చిపోయింది. అది దేవుడు చంపింది కాదు, ఆయన మీద ఏసేది నాకిష్టం లేదు. ఇంక నేను ఇయ్యను. అంతే నా సాక్ష్యం."

కూర్చునింది. చెమటకి రవిక తడిసిపోయింది. జీవానందంగారు బైబిలు మూసి, మళ్ళా తెరిచి, ఏ పేజీ అని ఎతుకుతా ఉండిపొయినాడు. గిద్యోను ఆడోళ్ళకీ మొగోళ్ళకీ మధ్య దారిలో నిలబడిపొయినాడు, ముందుకి పోవాల్నో ఎనక్కి పోవాల్నో తెలీక. ఆడోళ్ళ చాపల మీద ఒకరి మొహం ఒకరు చూసుకోలా. ఎవరి ఒళ్ళో చేతులు వాళ్ళు చూసుకుంటా కూర్చున్నారు.

పక్కనే కూర్చోనుండాది రెబెక్కమ్మ. తిడతాదనుకునింది అబిగయీలు, జనం ముందర కొంగు పట్టి లాగుతాదనుకునింది. ముసలామె తల వంచి, ఎవరికీ ఇనపడకుండా, బళ్ళో పిల్ల అడిగినట్టు అడిగింది.

"మరి నాకు బిళ్ళెవరిస్తారమ్మే?"

ఆ గొంతులో మాటకారితనం లేదు. అబిగయీలు అత్త చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకునింది. ఎండిపోయిన చెయ్యి, నరాలు పైకి తేలి ఉండాయి.

"నీ కొడుకు ఆడే నిలబడుండాడు గదత్తా," అనింది. "మైకు గూడా ఆయన చేతిలోనే ఉండాది. అడుగు."